బంతికి ఎదురుగా కూర్చున్న డ్రైవరు

ముప్పై రెండేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన డ్రైవరుకి ఇంట్లో కూర్చోవడం చేతకాలేదు. మొదటి వారం గోడ గడియారాలన్నీ సరిచేశాడు. రెండో వారం తలుపుల బందులకు నూనె వేశాడు. మూడో వారానికి చేసే పని ఇంకేమీ మిగల్లేదు. భార్య వెనకాలే వంటగదిలో తిరుగుతూ, ఆవిడ స్టవ్ దగ్గర్నుంచి సింకు వైపు తిరిగినప్పుడల్లా "మలుపు ముందు కాస్త నిదానించాలి" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు గరిట పక్కన పెట్టి ఆయన వైపు తిరిగింది.

"ఏమండీ, మీ చేతికి ఏదో ఒక స్టీరింగు దొరికితే గానీ నాకు ఈ వంటిల్లు దక్కేలా లేదు. పుణ్యం ఉంటుంది, వెళ్లి వెతుక్కోండి."

ఆయన నిజంగానే వెళ్లి వెతుక్కున్నాడు. ఊరి చివర గోల్ఫ్ నేర్చుకునేవాళ్లు సాధన చేసే మైదానం ఒకటుంది. ఒక వైపు వరసగా పన్నెండు పచ్చటి చాపలు, వాటిమీద రేకుల కప్పు. ఎదురుగా కనుచూపు మేర గడ్డి, అందులో యాభై, వంద, నూటయాభై అని దూరాలు రాసిన బోర్డులు. చాపల మీద నిలబడి జనం బంతులు కొడుతూనే ఉంటారు. ఆ బంతుల్ని ఏరడానికి ఒక చిన్న బండి ఉంది. దాని ముందు దొర్లే చట్రం గడ్డిమీది బంతుల్ని పట్టి బుట్టల్లో పడేస్తుంది. నడిపే మనిషికి దెబ్బ తగలకుండా చుట్టూ ఇనుప జాలీ. పంజరంలాంటి ఆ బండిని చూడగానే డ్రైవరు కళ్లు మెరిశాయి. పని అడిగిన రోజే స్టీరింగు పట్టుకుని మూడు చుట్లు తిప్పి చూపించాడు.

అక్కడ అందరూ ఆయన్ని డ్రైవరుగారనే పిలిచారు. గోల్ఫ్‌లో అన్నిటికన్నా పొడుగు కర్ర పేరు కూడా డ్రైవరే. ఆ సంగతి తెలియక, మొదట్లో ఎవరైనా "నా డ్రైవరు ఏదీ?" అని గట్టిగా అంటే ఈయన చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకెళ్లి ఎదురుగా నిలబడేవాడు. వాళ్లు సంచీలో వెతుక్కుంటూ, ఈయన ఎందుకొచ్చాడో తెలియక మొహం చూసేవాళ్లు.

మొదటి నెల ఆయనకి బంతులన్నీ ఒకటే. ఆకాశంలోంచి వడగళ్లు పడ్డట్టు జాలీ మీద టంగుమంటూ పడేవి. రెండో నెలలో ఒక్కో బంతికీ ఒక్కో నడక ఉందని కనిపెట్టాడు. బ్యాంకు మేనేజరు బంతి గడ్డికి జానెడెత్తున, తరుముకొస్తున్న కుక్కలాగా వస్తుంది. పూల కొట్టాయన బంతి నిలువునా లేచి, పైన కాసేపు ఆలోచించుకుని, లేచిన చోటికి దగ్గర్లోనే దిగుతుంది. కవల పిల్లల తల్లి బంతి తిన్నగా బయలుదేరి చివర్లో ఏదో మర్చిపోయినట్టు పక్కకి తిరుగుతుంది. మనుషుల మొహాలు అంత దూరంనుంచి ఆయనకి ఆనేవి కావు. బంతిని చూసి మాత్రం ఆ సాయంత్రం ఎవరెవరు వచ్చారో తడుముకోకుండా చెప్పేసేవాడు.

ఒకరోజు టీ తాగుతూ, అక్కడ పాఠాలు చెప్పే కోచ్‌ని అడిగాడు.

"సార్, అందరూ కొట్టేది అదే కర్రతో, అదే బంతిని. మరి ఒకడిది అటెందుకు పోతుంది, ఇంకొకడిది ఇటెందుకు వస్తుంది?"

కోచ్ నలభై దాటని మనిషి, నవ్వు మొహం. "రెండే సంగతులండీ. తగిలేటప్పుడు కర్ర ముఖం, అంటే బంతికి తగిలే చదును, ఎటు చూస్తోంది, కర్ర ఎటు కదులుతోంది. చూసే వైపు బంతి బయలుదేరుతుంది. ముఖం ఒకవైపు చూస్తూ కర్ర ఇంకోవైపు పోతుంటే బంతి గిర్రున తిరుగుతూ వంగిపోతుంది. మిగతాదంతా కబుర్లే," అన్నాడు.

డ్రైవరు ఆ మాట పట్టుకుని వారం రోజులు నములుతూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం బుట్టలు కడుగుతుండగా టక్కున తట్టింది. వానలో తడిసిన రోడ్డు. ముందు చక్రాలు మలుపు వైపు చూస్తుంటాయి. బస్సు బరువంతా తిన్నగా పోతుంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోతే బస్సు జారుతుంది, ఏ వైపు జారుతుందో అనుభవం ఉన్నవాడికి ముందే తెలుస్తుంది. ముప్పై రెండేళ్లు తన పిరుదుల కింద తెలిసిన సంగతే ఇది. దానికి కోచ్ మాటలు ఇప్పుడు దొరికాయి, అంతే. ఆ సాయంత్రం బంతులు ఏరుతుంటే సినిమాకి ముందు వరస టికెట్టు దొరికినట్టు ఉల్లాసంగా ఉంది. ప్రతి బంతిలోనూ అవతల కనిపించని మనిషి చేతులు, భుజాలు, తొందర, భయం అన్నీ కనిపించాయి.

ఆ రోజుల్లోనే ఏడో చాప మీద కొత్త బంతులు మొదలయ్యాయి. కొట్టేది పళ్ల డాక్టరమ్మ. ఆసుపత్రి ముగించుకుని పొద్దు వాలే వేళకి వచ్చేది. మైదానం పడమటి ముఖంగా ఉండటంతో సరిగ్గా అప్పుడు సూర్యుడు కళ్లలోకి కొడతాడు. బంతి కర్ర వదిలిందో లేదో ఆ వెలుగులో కరిగిపోతుంది. పాపం, తన బంతి ఎటు పోయిందో ఆవిడకే తెలియదు. మధ్యలో ఉన్న బోర్డుల దగ్గర పడటం లేదని మాత్రం తెలుసు. సూర్యుడు వీపున ఉన్న డ్రైవరుకి అన్నీ స్పష్టంగా కనిపించేవి.

మూడో వారంలో ఆవిడ బంతి ఒకటి గాల్లో మెలిక తిరుగుతూ వచ్చి, సరిగ్గా డ్రైవరు చెవి పక్కన జాలీకి తగిలింది. మైదానం మూసే వేళకి ఆవిడే వెతుక్కుంటూ వచ్చింది.

"దెబ్బేం తగల్లేదు కదండీ? నాకు ఏమీ కనపడలేదు, చప్పుడు మాత్రం వినబడింది."

"జాలీ ఉందిగా డాక్టరమ్మా, నాకేం కాలేదు. ఏడో చాప మీరేనా? మీ బంతుల్ని మూడు వారాల్నుంచి చూస్తున్నా."

ఆవిడ సిగ్గుపడింది. "ఎలా ఉన్నాయి మరి? దాచకుండా చెప్పండి. వచ్చే నెల పోటీ ఉంది. జంటల పోటీ. నా జంట మా అత్తగారు."

చివరి మాట అన్న తీరులోనే కష్టమంతా తెలిసిపోయింది.

"కుడివైపుకి బయలుదేరి ఎడమకి వంగిపోతున్నాయమ్మా," అన్నాడు డ్రైవరు. "రోజురోజుకీ ఆ వంపు పెరుగుతోంది."

ఇన్నాళ్లకి ఒక ఆచూకీ దొరికిందని ఆవిడ పొంగిపోయింది. బంతి ఎడమకి వంగుతుంటే ఏం చెయ్యాలో పుస్తకాల్లో చదివి ఉంది. మర్నాటి నుంచీ కర్ర ముఖాన్ని కుడివైపుకి ఇంకాస్త తెరిచి, కర్రని ఎడమవైపుకి ఇంకాస్త లాగి కొట్టడం మొదలుపెట్టింది. డ్రైవరు పంజరంలోంచి చూస్తూ నోరు తెరిచాడు. బంతులు మునుపటికన్నా దారుణంగా మెలి తిరిగి, పక్క వలమీదుగా ఎగిరి మైదానమే దాటిపోతున్నాయి. మూడో రోజు పక్కనున్న మొక్కల నర్సరీ ఆవిడ ఒక పూలకుండీ చంకన పెట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. మట్టిలో సగం కూరుకుపోయి తెల్లటి బంతి ఒకటి ఉంది.

"ఇది ఎప్పుడు నాటారో, ఎన్నాళ్లకి పూస్తుందో చెప్తే నీళ్లు పోస్తాను," అంది.

నాలుగో రోజు డాక్టరమ్మతో పాటు ఆవిడ అత్తగారూ వచ్చింది. కాలేజీలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన లెక్చరరమ్మ. పొట్టి మనిషి, డెబ్బయ్యో ఏడు నడుస్తోంది. అంచు పెద్ద టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మడత కుర్చీ తనే తెచ్చుకుని చాప వెనకాల వేసుకుంది. ఆవిడ కొట్టే బంతి వంద మీటర్లకు మించదు, కానీ ఆ వందా గీత గీసినట్టు పోతుంది. కోడలు కొట్టిన మొదటి మూడు బంతుల్ని చూసింది.

"అమ్మాయ్, ఈ విద్య నీకెవరు చెప్పారు?"

"ఆ బండి నడిపే డ్రైవరుగారు అత్తయ్యా. కుడికి బయలుదేరి ఎడమకి వంగుతోందన్నారు. దాన్నే సరిచేస్తున్నాను."

లెక్చరరమ్మ కళ్లద్దాలు తీసి కోడలి వైపు చూసింది. తర్వాత దూరంగా తమవైపే మూతి పెట్టి వస్తున్న బండి వైపు చూసింది. నవ్వాపుకోలేక కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఆయన కూర్చున్నది మనకి ఎదురుగా. ఆయన కుడి నీకు ఎడమ. నీ బంతి ఎడమకి బయలుదేరి కుడికి వంగుతోంది. నాలుగు రోజులుగా నువ్వు లేని జబ్బుకి మందేసి ఉన్న జబ్బుని పెంచుకున్నావు."

డాక్టరమ్మ కర్ర కింద పెట్టి చాపమీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. బండి ఆపి, ఏమైందోనని పరుగున వచ్చిన డ్రైవరుకి విషయం చెప్పారు. ఆయన తల పట్టుకున్నాడు.

"అయ్యో, ఎంత పని చేశాను. అద్దంలో చూసి బండి వెనక్కి నడిపినవాణ్ణి, ఈపాటి తట్టలేదు చూడండి నాకు."

"తప్పు మీదీ కాదు, నాదీ కాదు," అంది డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఇంతకీ మందేమిటో చెప్పండి. చెప్పకపోతే ఆ కుండీ తీసుకుని నర్సరీ ఆవిడ మీ ఇంటికొస్తుంది."

డ్రైవరు కాస్త జంకాడు. ఇన్నాళ్లూ ఆయన చూసింది బంతిని మాత్రమే. "నేను కొట్టేవాణ్ణి కాదమ్మా. ఒక్కసారి మీ వెనకాల నిలబడి చూడనివ్వండి," అన్నాడు.

ఆవిడ కొట్టింది. ఆయన చూశాడు. మళ్లీ కొట్టమన్నాడు. పదో బంతికి ఒక సంగతి కనబడింది. కర్ర పైకి లేచినప్పుడు బాగానే ఉంది. కిందికి దించేటప్పుడు మిగతా ఒంటికన్నా ముందు కుడి భుజం దూకుతోంది. కుడి మోచెయ్యి పైకి లేచి, ఎవరి మీదికో వంగినట్టు ముందుకు వస్తోంది. దాంతో కర్ర బయటినుంచి లోపలికి, బంతిని తుడిచినట్టుగా అడ్డంగా పోతోంది.

"డాక్టరమ్మా, పళ్లు చూసేటప్పుడు మీరు ఎటువైపు నిలబడతారు?"

"మనిషికి కుడివైపు కూర్చుంటాను. ఇలా." ఆవిడ గాల్లో ఒక నోటిని ఊహించుకుని వంగింది. కుడి మోచెయ్యి ఎత్తుగా లేచింది, కుడి భుజం ముందుకొచ్చింది.

ముగ్గురూ ఆ మోచెయ్యి వైపే చూశారు.

"పదిహేనేళ్లుగా పళ్లు చూస్తున్నావుగా," అంది లెక్చరరమ్మ నెమ్మదిగా. "నువ్వు బంతిని కొట్టడం లేదు, దాని పన్ను పీకుతున్నావు."

డాక్టరమ్మకి మళ్లీ నవ్వొచ్చింది గానీ, ఈసారి ఆలోచన కూడా వచ్చింది. "బంతి అటు పోతోందేమోనని భయపడి ఇంకా ఎడమకి తిరిగి నిలబడేదాన్ని. అలా తిరిగిన కొద్దీ ఇంకా ఎక్కువ తుడుస్తున్నానన్నమాట."

"అంతే. అందుకే వంపు రోజురోజుకీ పెరిగింది. పొడుగు బస్సుని సందు మలుపులో తిప్పేటప్పుడు కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇదేనమ్మా. మలుపు కనబడగానే స్టీరింగు తిప్పేస్తారు. వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కుతుంది, జనం తిడతారు. తెలిసినవాడు ముందు బండి మూతిని పోనిస్తాడు. మూతి సందు దాటాక, అప్పుడు తిప్పుతాడు. మీ భుజమే స్టీరింగు. దాన్ని తొందరపడి తిప్పకండి. ముందు ఎడమకాలి మీదికి బరువు పోనివ్వండి, నడుం తిరగనివ్వండి. చేతులు వాటంతట అవే కిందికి జారతాయి. భుజం ఆఖర్న."

"మూతిని పోనివ్వాలి," అని డాక్టరమ్మ తనలో తను అనుకుంది.

మొదటిసారి బంతి తగల్లేదు. రెండోసారి కర్ర చాపకి తగిలి చేతులు జివ్వుమన్నాయి. ఆరోసారి బంతి కాస్త తిన్నగా లేచింది. ఎనిమిదోసారి చప్పుడే మారిపోయింది. చెక్క మీద సుత్తి సరిగ్గా పడ్డప్పుడు వినబడే చప్పుడు అది. బంతి వెలుగులోకి పోయి ఎవరికీ కనబడలేదు. ముగ్గురూ కళ్లకి చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి దూరంగా, నూటయాభై అని రాసిన బోర్డు టక్కుమంది.

డాక్టరమ్మ కర్రని గుండెలకి హత్తుకుని అలాగే నిలబడింది. డ్రైవరు ఆవిడ మొహం చూశాడు. ముప్పై రెండేళ్లలో ఎన్ని వేల మలుపులు మెత్తగా తిప్పి ఉంటాడో, వెనక కూర్చున్నవాళ్లు పేపరు చదువుకుంటూనే ఉన్నారు. తిప్పడం బాగుందని ఒక్కరూ చెప్పలేదు, చెప్పాలని ఆయనా అనుకోలేదు. ఇప్పుడు తన మాట ఒకటి ఇంకొకరి ఒంట్లోకి పోయి, బంతిలోంచి బయటికొచ్చి బోర్డుకి తగిలింది.

అప్పుడే వెనకనుంచి కోచ్ గొంతు వినబడింది.

"ఇక్కడ పాఠాలు చెప్తున్నదెవరో తెలుసుకోవచ్చా?"

డ్రైవరు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. సిబ్బంది ఆటగాళ్లకి పాఠాలు చెప్పకూడదని గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "పొరపాటైందండీ. మాటల్లో మాటగా..."

కోచ్ ఆయన్ని పట్టించుకోకుండా డాక్టరమ్మని ఇంకో బంతి కొట్టమన్నాడు. ఆవిడ కొట్టింది. ఇంకోటి కొట్టమన్నాడు. ఆ తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని, "మీరు చేరిన మొదటి రోజే మీకు ఇదే చెప్పాను డాక్టరుగారూ. బయటినుంచి లోపలికి వస్తున్నారు, కింది భాగం ముందు కదలాలి అన్నాను. గుర్తుందా?" అన్నాడు.

"గుర్తుంది. కానీ మీరు చెప్పింది చెవిలో ఉండిపోయింది. ఈయన చెప్పింది కాళ్లలోకి దిగింది."

కోచ్ గట్టిగా నవ్వేశాడు. డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, "ఆ స్టీరింగు సంగతి నాకు ఇంకోసారి చెప్పండి. సోమవారం నా దగ్గరికి ఐదుగురు వస్తున్నారు, ఐదుగురివీ పక్కకే పోతాయి," అన్నాడు.

పోటీ రోజుకి డాక్టరమ్మ డ్రైవరుని రమ్మని పిలిచింది. సంచి మోసే మనిషి ఆటగాళ్లకి సలహా చెప్పొచ్చని ఆటలో నియమం ఉంది. డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భార్య కూడా బయలుదేరింది. "నెల రోజుల్నుంచీ ఇంట్లో భుజం, మూతి, నడుం అని ఒకటే జపం. అదేదో కళ్లారా చూస్తే నాకూ పీడ విరగడవుతుంది," అంది.

పోటీ ఊళ్లోని పెద్ద గోల్ఫ్ మైదానంలో. తొమ్మిది గుంతల ఆట. జంటకి ఒకే బంతి. ఒకసారి ఒకరు కొడితే తర్వాతి దెబ్బ రెండోవాళ్లది. ఒక్కో గుంతలోకి బంతిని తక్కువ దెబ్బల్లో చేర్చినవాళ్లు ఆ గుంత గెలిచినట్టు. పొద్దున్నే మిగతా జంటల్ని దాటుకుంటూ వచ్చి మధ్యాహ్నానికి అత్తాకోడళ్లు చివరి ఆటకి చేరారు. ఎదురు జంట ఇనుప సామాను కొట్టు అన్నదమ్ములు. ఇద్దరూ దిట్టమైన మనుషులు. నాలుగేళ్లుగా కప్పు వాళ్ల కొట్టులోనే, మేకుల డబ్బాల మధ్య ఉంటోంది.

మొదటి గుంత దగ్గర మొదటి దెబ్బ డాక్టరమ్మది. చుట్టూ పాతికమంది నిలబడి చూస్తున్నారు. పాత మోచెయ్యి పైకి లేచింది. బంతి ఎడమకి బయలుదేరి, గాల్లో కుడికి తిరిగి చెట్లలోకి దూరిపోయింది.

లెక్చరరమ్మ బంతిని వెతుక్కుంటూ చెట్లలోకి నడిచింది. "ఏం పరవాలేదు. ఈ చెట్లు చూసి చాలా రోజులైంది," అంది వెనక్కి తిరక్కుండానే.

ఆ గుంత పోయింది. రెండోది లెక్చరరమ్మ పుణ్యమా అని సమానం అయింది. మూడోది పోయింది. డాక్టరమ్మ మొహం చిన్నబోయింది. డ్రైవరు సంచి మోస్తూ నాలుక కొరుక్కుంటున్నాడు. నడిపేవాడి చెవిలో జోరీగలా పక్కనుంచి సలహాలిచ్చే కండక్టర్లని ఆయన జన్మలో సహించలేదు. అందుకని నోరు మెదపలేదు. నాలుగో గుంత అత్తగారి పొదుపు ఆటతో గెలిచారు. ఐదోదానికి నడుస్తుండగా డాక్టరమ్మే అడిగింది.

"డ్రైవరుగారూ, ఏమైనా చెప్పరా?"

"బస్సు నిండా జనం ఉన్నా, ఖాళీగా ఉన్నా మలుపు అదేనమ్మా," అన్నాడాయన. "నేను జనం ఎక్కువున్న రోజున ఇంకా నిదానంగా తిప్పేవాణ్ణి."

ఐదో గుంతకి దారి ఎడమవైపుకి వంగి ఉంది. మూలమీద నీటి మడుగు. డాక్టరమ్మ బంతి ముందు నిలబడి ఒకసారి గట్టిగా ఊపిరి వదిలింది. కర్ర పైకి లేచింది, పైన ఒక క్షణం ఆగినట్టయింది. ఎడమకాలు నేలలో దిగింది, నడుం తిరిగింది, భుజం తన వంతు వచ్చేదాకా ఆగింది. బంతి కొంచెం కుడికి బయలుదేరి, మడుగు అంచున పోతూ పోతూ, దారి తెలిసినదానిలా ఎడమకి మెత్తగా వంగి గడ్డి మధ్యలో దిగింది.

డ్రైవరు ఇలాంటి బంతుల్ని ఎప్పుడూ ఎదురుగానే చూశాడు. వెనకనుంచి చూడటం ఇదే మొదలు. అది దూరమవుతూ, చిన్నదవుతూ, వంగుతూ పోతుంటే చంటిపిల్ల మొదటిసారి నడిచివెళ్తున్నట్టు అనిపించింది. పక్కన భార్య ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. "అదేనా మీరు చెప్పింది? భుజం ఆగడం?"

"అదే."

"బాగుంది," అంది ఆవిడ. ఇంకో నిమిషం తర్వాత మళ్లీ, "చాలా బాగుంది," అంది.

అక్కణ్నుంచి ఆట మారింది. ఐదోది గెలిచి సమానమయ్యారు. ఆరోది అన్నదమ్ములు లాక్కున్నారు. ఏడోది వీళ్లు తెచ్చుకున్నారు. ఎనిమిదోది ఎవరిదీ కాలేదు. తొమ్మిదో గుంత దగ్గరికి వచ్చేసరికి తెలియకుండానే జనం రెండింతలయ్యారు.

డాక్టరమ్మ మొదటి దెబ్బ నూటడెబ్బై మీటర్లు, తిన్నగా. ఇనుప కొట్టు తమ్ముడు అంతకన్నా దూరం కొట్టాలని బలమంతా పెట్టాడు. పైకెత్తిన కర్ర దిగీదిగకముందే అతని భుజం దూకడం డ్రైవరు కంటబడింది. బంతి ఇంకా గాల్లో ఉండగానే ఆయన తల పక్కకి తిప్పి ఇసుక గుంట వైపు చూశాడు. బంతి వచ్చి ఆ ఇసుకలోనే పడింది. అన్నకి దాన్ని బయటికి తీయడానికే ఒక దెబ్బ ఖర్చయింది.

లెక్చరరమ్మ తన వంద మీటర్లు కొట్టింది. వందకి ఒక్క అడుగు ఎక్కువ లేదు. డాక్టరమ్మ మూడో దెబ్బకి బంతిని నెమ్మదిగా లేపి గుంతకి రెండు బారల దూరంలో దించింది. అన్నదమ్ములు అప్పటికే ఐదు దెబ్బలు దాటేలా ఉన్నారు. ఇది పడితే చాలు.

లెక్చరరమ్మ గడ్డిమీద మోకాళ్లమీద కూర్చుని వాలు చూసింది. లేచి అటువైపు నుంచి చూసింది.  తర్వాత ఆవిడ ఏమీ హడావిడి లేకుండా, బల్లమీద సుద్ద పొడిని తుడిచినంత తేలిగ్గా బంతిని తోసింది. అది వాలులో సగం చంద్రవంక గీసుకుంటూ పోయి, గుంత అంచున ఒకసారి తొంగి చూసి లోపల పడింది.

డాక్టరమ్మ పరిగెత్తుకెళ్లి అత్తగారిని అమాంతం పైకెత్తేసింది. టోపీ కిందపడింది. "దించు, దించు. నడుం పట్టేస్తుంది," అని లెక్చరరమ్మ అరుస్తూనే కోడలి మెడ చుట్టూ చేతులు వేసింది. ఇనుప కొట్టు అన్న వచ్చి ఇద్దరికీ చెయ్యి కలిపాడు. తమ్ముడు మాత్రం తిన్నగా డ్రైవరు దగ్గరికొచ్చాడు.

"నా బంతి పడకముందే మీరు ఇసుక వైపు చూశారు. నేను గమనించాను. ఎలా తెలిసింది?"

"మంగళవారం సాయంత్రం మైదానానికి రండి బాబూ. ఇద్దరం నిలబడి చూద్దాం," అన్నాడు డ్రైవరు.

కప్పు ఇచ్చేటప్పుడు ఎవరో ఫోటో తీస్తుంటే డాక్టరమ్మ డ్రైవరుని కూడా లాక్కొచ్చి మధ్యలో నిలబెట్టింది. ఆయనకి ఎటు చూడాలో తెలియక కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఫోటోలో ఆయన ఆ కప్పులో ఏదో జారవిడుచుకున్నవాడిలా పడ్డాడు.

తర్వాత అందరూ వరండాలో కూర్చుని టీలు తాగుతున్నారు. మాటల మధ్యలో డ్రైవరు పక్కకి చూస్తే కుర్చీలో భార్య లేదు. కాస్త దూరంలో, గడ్డిలో సాధన చేసుకునే చోట ఆవిడా లెక్చరరమ్మా నిలబడి ఉన్నారు. భార్య చేతిలో కర్ర ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. లెక్చరరమ్మ ఆవిడ వేళ్లని ఒక్కొక్కటిగా సరిచేస్తోంది.

ఆయన గ్లాసు పట్టుకునే వెళ్లాడు. "చూసుకో, భుజం..." అని మొదలుపెట్టాడు.

"మీరు మాట్లాడకండి," అంది భార్య తల ఎత్తకుండా.

మొదటిసారి గాలిని కొట్టింది. రెండోసారి గడ్డి పెళ్ల లేచి ఆయన ఇస్త్రీ చొక్కా మీద పడింది. మూడోసారి బంతి లేచింది. ఎక్కువ దూరమేం కాదు, ఎనభై అడుగులు ఉంటుందేమో. కానీ అది ఎడమకీ పోలేదు, కుడికీ పోలేదు. చూస్తున్నంతసేపూ ఒకే దారిలో లేచి, ఒకే దారిలో దిగింది.

డ్రైవరు చొక్కా మీది గడ్డి దులుపుకున్నాడు. ఆ బంతిలో సరిచెయ్యడానికి ఏమీ లేదు.

"ఇంతేనా?" అంది భార్య. "ఇంత చిన్న పనికి నెల రోజులు నా ప్రాణం తీశారా?"

లెక్చరరమ్మ నవ్వుతూ వంగి ఇంకో బంతి పెట్టింది. డ్రైవరు గ్లాసు గడ్డిమీద పెట్టి, భార్య మళ్లీ కర్ర ఎత్తుతుంటే ఆవిడ వెనకాల నిలబడి, చూడటానికి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.